ఏ భేదమును లేదు

మా రేపల్లె వైపు పల్లెల్లో లూథరన్ ఇళ్ళ పిల్లలకు పదమూడు, పద్నాలుగేళ్ళు వచ్చాయంటే కన్ఫర్మేషన్ క్లాసులు తప్పవు. బాప్తిస్మం పసితనంలోనే అయిపోతుంది. అప్పుడు మన తరఫున పెద్దవాళ్ళు ఒప్పుకున్నదాన్ని, ఇప్పుడు సంఘం ముందు నిలబడి మన నోటితో మనం ఒప్పుకోవాలి. అదయ్యాకే ప్రభువు బల్ల దగ్గరికి, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి రానిస్తారు. నా వంతు 1991లో వచ్చింది. సాయంత్రాలు పాస్టరు అయ్యగారి ఇంటి వరండాలో చాపలు పరుచుకుని కూర్చునేవాళ్ళం. కరెంటు ఉంటే బల్బు, లేకపోతే లాంతరు. మధ్యలో అమ్మగారు మరమరాలో, ఉడకబెట్టిన వేరుశెనక్కాయలో పెట్టేవారు. మాలో సగం మంది దానికోసమే వస్తున్నారని అయ్యగారికీ తెలుసు.

చేతిలో ఉండేది చిన్న క్యాటకిజం. మార్టిన్ లూథర్ అనే జర్మన్ సంఘ సంస్కర్త 1529లో రాసిన పుస్తకం, మా లూథరన్ సంఘాల పేరు ఆయనదే. అంతకు ముందు ఏడాది ఆయన సాక్సనీ పల్లెల్లో సంఘాల్ని చూడ్డానికి తిరిగాడట. జనానికి ప్రభువు ప్రార్థన కూడా సరిగ్గా రాదు, కొందరు పాస్టర్లదీ అదే పరిస్థితి. అది చూసి తల పట్టుకుని, ఇంటి పెద్ద తన ఇంట్లోవాళ్ళకు చెప్పుకోవడానికి వీలుగా ప్రశ్నలూ జవాబులుగా దీన్ని రాశాడు. రైతుల కోసం రాసింది కాబట్టే మా పల్లెలో కూడా నడిచిందని నాకనిపిస్తుంది. 1842లో ఫాదర్ హయ్యర్ అనే అమెరికా మిషనరీ గుంటూరులో దిగిన దగ్గర్నుంచి ఈ పుస్తకం మా జిల్లాలో ఏదో ఒక వరండాలో వినబడుతూనే ఉండి ఉంటుంది.

అందులో సంఘమంతా కలిసి చెప్పే విశ్వాస ప్రమాణాన్ని మూడు ముక్కలు చేశాడు లూథర్. మొదటిది సృష్టి, రెండోది విమోచన, మూడోది పరిశుద్ధపరచబడటం. ఒక్కో ముక్క చివర "ఇది నిశ్చయముగా సత్యము" అని వస్తుంది. ముందున్న జవాబంతా గొణుక్కుంటూ పోయి, ఆ ఒక్క మాట దగ్గరికి రాగానే అందరం గొంతు చించుకుని అరిచేవాళ్ళం. వరండా కింద పడుకున్న కుక్క లేచి వెళ్ళిపోయేది. పతనానికి, అంటే ఆదాము హవ్వలు దేవుడి మాట మీరి పడిపోయిన సంగతికి, ఆ మూడింటిలో వేరే ముక్క లేదు. రెండో దాంట్లో "నశించి, శిక్షకు పాత్రుడనైన నన్ను" అంటూ దారిలో వచ్చి పోతుంది. మా అయ్యగారు మాత్రం అక్కడే వారాలకు వారాలు ఆగిపోయారు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

సృష్టి గురించి మాకు అంతకు ముందే సండే స్కూల్లో చెప్పారు. ఒక ఫ్లానెల్ గుడ్డ గోడకు తగిలించి, దానిమీద సూర్యుణ్ణి, చేపల్ని, ఏనుగుని, ఆఖరున ఆదామును అంటించేవాళ్ళు. ఎవరో దొరలు వదిలివెళ్ళిన బొమ్మలవి. ఆదాము పాల రంగులో, బంగారు జుట్టుతో ఉండేవాడు. మా క్లాసులో ఒకడు లేచి, "నేలమంటితో నరుని నిర్మించి అన్నారు కదండీ, మరి ఇంత తెల్లటి మట్టి ఎక్కడ దొరికింది?" అన్నాడు. మా పొలాలన్నీ నల్లరేగడి. టీచరు కోప్పడ్డారు గానీ, ఇంటికెళ్ళి చెబితే మా తాత పడీపడీ నవ్వాడు. "మన పొలం మట్టే తీసుకుని ఉంటాడురా, చేతికి అంటుకుంటే వదలదు కదా" అన్నాడు. మాకు పొలం లేదు. "మన పొలం" అని తాత అనేది తాను పాలేరుగా చేసిన ఆసామి పొలాన్ని.

క్యాటకిజంలో మొదటి ముక్కకు లూథర్ రాసిన వివరణ నాకు ఇప్పటికీ ఇష్టం. ఆకాశం, నక్షత్రాలు, మహాసముద్రాలు అంటూ పైపైన తిరగడు. దేవుడు నన్ను చేశాడు, నాకు కళ్ళు, చెవులు, అవయవాలు, బుద్ధి ఇచ్చాడు, బట్టలు, చెప్పులు, తిండి, ఇల్లు, పొలం, పశువులు ఇచ్చాడు అంటాడు. ఇవన్నీ నా యోగ్యత చూసి ఇచ్చినవి కావు, తండ్రి కనుక ఇచ్చాడు అని ముగిస్తాడు. ఆ జాబితాలో చెప్పుల దగ్గర మా తాత ఎప్పుడూ ఆగేవాడు. ఆయన చిన్నతనంలో మా దళిత పల్లెవాళ్ళు ఊళ్ళోకి వెళ్ళాలంటే చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని నడవాలి. కరణంగారి వీధి దాటాక మళ్ళీ వేసుకోవాలి. అలాంటి మనిషికి చెప్పులు దేవుడిచ్చిన వస్తువుల జాబితాలో ఉన్నాయని గుడిలో చదివి వినిపిస్తే ఎలా ఉంటుందో మనం ఊహించుకోవాల్సిందే. జర్మనీలో ఎప్పుడో దాదాపు అయిదొందల ఏళ్ళ కిందట రాసిన మనిషికి మా కరణంగారి వీధి సంగతి తెలిసే అవకాశం లేదు.

సృష్టి అంటే నాకు గుర్తొచ్చే రెండో సంగతి కోత పండుగ. నూర్పిళ్ళయ్యాక ఒక ఆదివారం గుడి నిండా వరి కంకులు కట్టేవాళ్ళు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కాళ్ళకు తాడు కట్టిన కోళ్ళు, ఒకసారైతే మేకపిల్ల కూడా బలిపీఠం ముందు వరుసగా ఉండేవి. కోడి మాటిమాటికీ కూయడంతో ప్రసంగం పది నిమిషాల్లో అయిపోయేది, అది మాకు మరో పండగ. ఆరాధనయ్యాక బయట చింతచెట్టు కింద వేలం పాట. రెండు రూపాయలు చేయని సొరకాయను పంతాలకు పోయి ఇరవై రూపాయల దాకా తీసుకెళ్ళేవాళ్ళు. పాడుకున్నవాడు దాన్ని మళ్ళీ గుడికే ఇచ్చేసేవాడు, మళ్ళీ పాట మొదలు. "దేవుడు తాను చేసినది యావత్తును చూచినప్పుడు అది చాలమంచిదిగ నుండెను" అనే వాక్యం అయ్యగారు చదివింది అక్కడే, ఆ కోళ్ళ మధ్యే. ఒళ్ళు, తిండి, నేల ఇవన్నీ మాయ, ఆత్మ ఒక్కటే నిజం అనే మాట మా గుడిలో ఎప్పుడూ వినలేదు. దేహం చాలా మంచిదని ఒప్పుకున్న తర్వాతే మిగతా కథ.

ఇక పతనం. తోట, పాము, పండు అందరికీ తెలిసిందే. ఆ పండు ఆపిల్ అని బైబిల్లో ఎక్కడా ఉండదు. మాకు ఆపిల్ తెలియదు కాబట్టి మేమంతా జామపండే అనుకునేవాళ్ళం. ఆ కథలో నాకు చిన్నప్పుడు భయం వేసింది పాము వల్ల కాదు. చల్లపూట తోటలో నడుస్తూ దేవుడు "నీవు ఎక్కడ ఉన్నావు" అని అడగడం, వాళ్ళిద్దరూ చెట్ల చాటున దాక్కోవడం. దొరికాక ఆదాము భార్య మీద చెబుతాడు, ఆమె పాము మీద చెబుతుంది. మా ఇంట్లో పగిలిన ప్రతి కుండ వెనుకా ఇదే కథ కాబట్టి ఆ భాగం అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేకపోయింది.

కానీ మా అయ్యగారు వారాలకు వారాలు ఆగిపోయింది బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక మూడో అధ్యాయంలో. "ఏ భేదమును లేదు, అందరును పాపముచేసి దేవుడు అనుగ్రహించు మహిమను పొందలేకపోవుచున్నారు." ఈ వాక్యాన్ని నేను తర్వాత పట్నంలో ఎన్నోసార్లు విన్నాను. ప్రతిసారీ "అందరును పాపముచేసి" దగ్గర గొంతు పెంచి, వినేవాళ్ళు తలొంచుకునేలా చెబుతారు. మా అయ్యగారు గొంతు పెంచేది మొదటి మూడు మాటల దగ్గర. దానికి కారణం ఉంది. బస్టాండు దగ్గర కాఫీ హోటల్లో మా పల్లెవాళ్ళకు వేరే గ్లాసులుండేవి. తాగాక మేమే కడిగి బోర్లించాలి. మైల అంటే మేము, శుద్ధి అంటే వాళ్ళు, ఇది ఊళ్ళో అందరికీ పుట్టుకతో తెలిసిన విషయం. అలాంటి చోట ఒకాయన నిలబడి, మైల అందరిలోనూ ఉంది, కరణంగారిలోనూ ఉంది, ఆసామిలోనూ ఉంది, హోటలాయనలోనూ ఉంది, నాలోనూ ఉంది, ఏ భేదమూ లేదు అంటున్నాడు. పతనం మీద పాఠం విని మా నాయనమ్మ తరంవాళ్ళు కుంగిపోలేదు. ఇళ్ళకు నవ్వుకుంటూ వెళ్ళారు. ఆసామి భార్య ఏదో అంటే మా నాయనమ్మ వాకిట్లో పేడ కళ్ళాపి చల్లుతూ, "ఆవిడా నేనూ ఒకే తోటలోంచి గెంటేయబడ్డాంలే" అని గొణుక్కునేది.

దైవశాస్త్ర పుస్తకాల్లో ఈ కోణం నాకు పెద్దగా కనబడలేదు. హైదరాబాదులో ఉద్యోగంలో పడ్డాక కొంత చదివాను. అయిదో శతాబ్దం మొదట్లో, మనిషి తన ప్రయత్నంతోనే మంచిగా బతకగలడన్న పెలాజియస్ మీద ఉత్తర ఆఫ్రికా బిషప్పు అగస్టీన్ చేసిన వాదం, 529లో ఆరెంజ్ అనే ఊళ్ళో దాని మీదే జరిగిన సంఘ పెద్దల సభ, 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలులో జన్మపాపం మీద రెండో అంశం. తూర్పు సంఘాలవాళ్ళు ఆదాము దోషం మనకు సంక్రమించిందని అనరు, అతని వల్ల మరణం, చెడిపోయిన స్వభావం సంక్రమించాయంటారు. రెండో శతాబ్దపు ఇరేనియస్ ఇంకా మెత్తగా, ఆదాము హవ్వలు పసివాళ్ళ లాంటివాళ్ళు, ఎదగక ముందే దారి తప్పారు అంటాడు. అవన్నీ బాగానే ఉన్నాయి. నేను మాత్రం ఆ చర్చల్ని మా వరండాలో కూర్చునే చదువుతాను.

మనుషులే కాదు, నేల కూడా పడిపోయిందని నాయనమ్మ చెప్పేది. అది ఆమెకు 1977 నవంబరు 19న తెలిసింది. ఆ రాత్రి ఉప్పెన కృష్ణకు అవతల దివిసీమను ఊడ్చిపెట్టింది. ప్రభుత్వం లెక్కలోనే పదివేల మంది దాకా పోయారు. మా ఇవతలి ఒడ్డు కూడా మునిగింది. బాపట్లలో తలదాచుకున్నవాళ్ళ మీదే చర్చి కూలింది. అప్పుడు తిరిగిన కొందరు ప్రసంగీకులు ఇది ఈ ప్రాంతపు పాపాలకు శిక్ష అన్నారట. అప్పటి అయ్యగారు పుల్పిట్ మీద లూకా సువార్త తెరిచి, సిలోయములో గోపురం పడి చచ్చిన పద్దెనిమిది మంది సంగతి చదివారని నాయనమ్మ చెప్పింది. వాళ్ళు మిగతావాళ్ళ కంటే పాపులనుకుంటున్నారా, కాదు, అంటాడు యేసు అక్కడ. "మరి ఎందుకొచ్చింది నాయనమ్మా ఉప్పెన?" అంటే, "సృష్టి యావత్తు మూలుగుతోందని రాసుందిగా. మనిషి చెడితే నేల బాగుంటుందా? దాని నొప్పి దానిది" అనేది. అదొక జవాబో కాదో నాకిప్పటికీ తెలియదు. శవాలు లెక్కపెట్టిన మనిషి మాట కాబట్టి ఎదురు చెప్పలేదు.

మా క్లాసులు నడుస్తుండగానే ఆగస్టు 6న చుండూరు జరిగింది. తెనాలి దగ్గర, మాకు ఎంతో దూరం కాదు. ఎనిమిది మంది దళితుల్ని వెంటాడి చంపారు. శవాల్ని గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. ఆ వారం క్లాసు లేదు. పెద్దవాళ్ళు రాత్రిళ్ళు గుడి ముందు గుమికూడి మెల్లగా మాట్లాడుకునేవాళ్ళు, మమ్మల్ని ఊళ్ళోకి వెళ్ళనివ్వలేదు. మళ్ళీ క్లాసు పెట్టిన రోజు, ఎప్పుడూ నోరు తెరవని ఒకమ్మాయి అడిగింది: "అందరూ పాపులే, ఏ భేదమూ లేదు అన్నారు కదయ్యగారూ. మరి చంపినవాళ్ళూ చచ్చినవాళ్ళూ ఒకటేనా?"

అయ్యగారు వెంటనే మాట్లాడలేదు. బైబిలు తీసి ఆదికాండం నాలుగో అధ్యాయం ఆ అమ్మాయినే చదవమన్నారు. "నీ తమ్ముని రక్తముయొక్క స్వరము నేలలోనుండి నాకు మొరపెట్టుచున్నది" దాకా వచ్చాక ఆపమన్నారు. "కయీనూ ఆదాము కొడుకే, హేబెలూ ఆదాము కొడుకే. ఇద్దరూ తోట బయట పుట్టినవాళ్ళే. అయితే దేవుడు ఎవరి రక్తం మొర విన్నాడు? ఎవణ్ణి నిలదీశాడు? పాపం అందరిలో ఉందన్నానుగానీ లెక్క అందరికీ ఒకటే అన్నానా అమ్మా?" అన్నారు. ఆ అమ్మాయికి ఆ జవాబు సరిపోయిందో లేదో తెలియదు. నాకు సరిపోయింది, ఇప్పటికీ సరిపోతోంది. చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. ఆ రోజు వార్త టీవీలో చూస్తూ నాకు ఆ వరండాలోని ప్రశ్నే వినబడింది.

విమోచన మాత్రం నాకు క్లాసులో కంటే ముందు మా తాత నేర్పాడు. తాత వాళ్ళ అక్క పెళ్ళి కోసం ముత్తాత ఆసామి దగ్గర అప్పు చేసి ప్రోనోటు రాశాడు. ఆ నోటు కింద తాత పదేళ్ళ వయసులో పశువుల కాపరిగా చేరి, పెద్దయ్యాక పాలేరయ్యాడు. ఏటా ఉగాదికి లెక్క చూసేవాళ్ళు. ఏటా వడ్డీ ఇంకాస్త పెరిగేది, జీతం ధాన్యంలో ఇంకాస్త తగ్గేది. తప్పించుకుని వేరే ఊరు పోతే పట్టి తెచ్చేవాళ్ళు. ఆఖరికి యుద్ధం రోజుల్లో మిలటరీలో చేరిన ఆయన అన్న సెలవు మీద వచ్చి, దాచుకున్న జీతమంతా ఆసామి అరుగు మీద పోసి నోటు తీసుకున్నాడు. ఇంటికి తెచ్చి తాత చేతికిచ్చి చింపమన్నాడు. తాతకు చదువు రాదు. అందులో ఏముందో తెలియకుండానే అన్నేళ్ళు దాని కింద బతికాడు.

కొలొస్సయుల పత్రికలో ఒక వాక్యం ఉంది, మన మీద ఋణంగా ఉన్న పత్రాన్ని మేకులతో సిలువకు కొట్టి, దాని మీది చేవ్రాతను తుడిచివేశాడని. తాత ఆ వాక్యాన్ని నాతో మళ్ళీ మళ్ళీ చదివించుకునేవాడు. మా క్లాసులో అయ్యగారు లూథర్ జవాబు చెప్పించేటప్పుడు, "వెండి బంగారములతో కాదు, తన పరిశుద్ధ రక్తముతో నన్ను కొని విడిపించెను" అనే దగ్గర, నాకు కనబడేది మిలటరీ చొక్కా వేసుకున్న మా పెద్దతాత. దైవశాస్త్రం చదువుకున్నవాళ్ళు వెల ఎవరికి చెల్లించారు, సాతానుకా, దేవుడికా అని శతాబ్దాలపాటు కొట్టుకున్నారు. తాతకు ఆ అనుమానం ఎప్పుడూ రాలేదు. నోటు ఎవరి పెట్టెలో ఉందన్నది కాదు ఆయన బాధ, అది చిరిగిందా లేదా అన్నదే.

అయితే నోటు చిరిగిన మర్నాడు తాత మళ్ళీ అదే పొలానికి కూలికి వెళ్ళాడు. ఇంకెక్కడికి పోతాడు? వెట్టిచాకిరీని రద్దు చేస్తూ చట్టం వచ్చింది 1976లో, అప్పటికి ఆయన ముసలివాడు. విడుదలైనా ఇంకా అదే నేల మీద, అదే ఎండలో. రోమా ఎనిమిదో అధ్యాయంలో పౌలు కూడా అదే అంటాడు, విమోచన దొరికింది, అయినా దేహ విమోచన కోసం ఎదురుచూస్తూ మూలుగుతున్నాం అని. ఇప్పటి టీవీ ప్రసంగాల్లో ఈ మూలుగు వినబడదు. ఈ నెల ఆశీర్వాదం, వచ్చే నెల వీసా, ఆ పై నెల ఇల్లు. సృష్టి లేదు, పతనం అంటే సిగరెట్టూ సినిమా, విమోచన అంటే బ్యాంకు బాలెన్సు. మాకు చాప మీద కూర్చోబెట్టి నేర్పింది దీనికంటే చాలా పెద్ద కథ.

మా కథలో మచ్చలు లేవని అనను. ప్రభుత్వం లెక్కలో బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ హోదా పోతుంది, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అది. కాగితం మీద మేం బీసీ-సీ. ఊరి లెక్కలో మాత్రం మార్పేమీ లేదు. అంతకంటే సిగ్గుపడాల్సింది లోపలే ఉంది. మాలపల్లె గుడి వేరు, మాదిగపల్లె గుడి వేరు. రెండు గుళ్ళలోనూ అదే క్యాటకిజం, అదే "ఏ భేదమును లేదు". పిల్లల్ని మాత్రం ఇటువాళ్ళు అటు ఇవ్వరు. ఆసామిలో పాపం చూపించినప్పుడు నవ్వుకున్న మేం, ఈ పాపం పుల్పిట్ మీద ఎత్తితే కమిటీ మీటింగు పెడతాం.

పోయినేడాది మా తమ్ముడి కొడుకు అవతలి పల్లె అమ్మాయిని చేసుకున్నాడు. గుంటూరులో ఇద్దరూ ఒకే హాస్పిటల్లో పనిచేస్తారు. మా వైపు సగం మంది పెళ్ళికి రాలేదు, వండిన బిర్యానీ రెండు డేగిసాలు మిగిలిపోయింది. మా అమ్మ వెళ్ళింది, ముందు వరుసలో కూర్చుంది. పిన్ని రాలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఆదివారం గుడిలో మాత్రం ఎప్పట్లాగే పక్కపక్కనే కూర్చున్నారు, విశ్వాస ప్రమాణం ఇద్దరూ గట్టిగానే చెప్పారు. బయటికొచ్చాక పిన్ని, "పిల్ల బాగుందటగా?" అంది ఎటో చూస్తూ. "వచ్చుంటే చూసేదానివి" అంది అమ్మ.